డెస్క్‌టాప్ యాప్‌లకు అప్‌డేట్లు చూసుకోవడం: మొదటి నుంచి చివరిదాకా

ఎవరైనా తమ కంప్యూటర్ చేతికిచ్చి "ఈమధ్య సరిగ్గా పనిచేయట్లేదు, కాస్త చూడవా" అంటే నేను ముందు చూసేది వెర్షన్ నంబర్లు. బ్రౌజర్, పీడీఎఫ్ రీడర్, వీడియో ప్లేయర్, జిప్ ఫైళ్లు విప్పే యాప్... ఒక్కొక్కటి తెరిచి నంబర్ చూస్తాను. తరచూ కనబడేది ఒకటే: మూడు నాలుగేళ్ల నాటి వెర్షన్, దాని మీద "కొత్త వెర్షన్ వచ్చింది" అని చిన్న పెట్టె, అందులో "తర్వాత గుర్తుచేయి" అనే బటన్. ఆ బటన్ కొన్ని వందల సార్లు నొక్కి ఉంటారు. ఎవరినీ తప్పుపట్టను. పని మధ్యలో అడ్డొచ్చేదాన్ని పక్కకు తోసేయాలనే ఎవరికైనా అనిపిస్తుంది.

కానీ ఆ "తర్వాత" ఎంత ఖరీదైనదో 2017లో లోకమంతా చూసింది. విండోస్‌లోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14న ప్యాచ్, అంటే ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్, విడుదల చేసింది. సరిగ్గా అదే లోపాన్ని వాడుకుని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ మే 12న విరుచుకుపడింది. మధ్యలో దాదాపు రెండు నెలల గడువు ఉంది. మద్దతు ఉన్న విండోస్ వెర్షన్ వాడుతూ ఆ గడువులో ప్యాచ్ వేసుకున్న కంప్యూటర్లలోకి ఆ లోపం గుండా అది చొరబడలేకపోయింది. వేసుకోని వాటిలో బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల కంప్యూటర్లు కూడా ఉన్నాయి. అక్కడ అపాయింట్‌మెంట్లు, ఆపరేషన్లు రద్దు చేయాల్సి వచ్చింది.

అది ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి. దాని అప్‌డేట్లను ఇప్పుడు విండోస్, మ్యాక్ చాలావరకు తామే చూసుకుంటున్నాయి. మనం పైన వేసుకున్న యాప్‌ల విషయంలో అలా కాదు. ఒక్కోదానిది ఒక్కో పద్ధతి, కొన్నింటికి అసలు ఏ పద్ధతీ ఉండదు. అందుకే ఈ మార్గదర్శి యాప్‌ల గురించే. మొత్తం పనికి ఒకే ఒక్క సూత్రం పెట్టుకోండి: అప్‌డేట్ ఉందా అని మనమే వెళ్లి అడగాలి, తనంతట తానే వచ్చి తలుపు తట్టేదాన్ని నమ్మకూడదు. కింద చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు మీ దగ్గరున్న నంబర్ తెలుసుకోండి

ఇప్పుడు మన దగ్గర ఏ వెర్షన్ ఉందో తెలియకుండా అప్‌డేట్ వెతకడం, ఏ స్టేషన్‌లో ఉన్నామో తెలియకుండా రైలు ఎక్కడం లాంటిది. విండోస్‌లో, లినక్స్‌లో చాలా యాప్‌లకు హెల్ప్ మెనూలో చివర "అబౌట్" అని ఉంటుంది. మ్యాక్‌లో స్క్రీన్ పైన ఎడమవైపు, ఆపిల్ గుర్తు పక్కన యాప్ పేరు ఉంటుంది కదా, దాన్ని నొక్కితే మొదటి వరుసే అబౌట్. తెరుచుకున్న చిన్న కిటికీలో నంబర్ ఉంటుంది. దాన్ని ఒక నోట్స్ ఫైల్‌లో రాసి పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

అన్ని యాప్‌ల నంబర్లూ ఒకేచోట కావాలంటే విండోస్‌లో పాత కంట్రోల్ ప్యానెల్ తెరిచి "ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్" లోకి వెళ్లండి. వెర్షన్ అనే నిలువు వరుస అక్కడే కనిపిస్తుంది. మ్యాక్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, సాఫ్ట్‌వేర్ కింద అప్లికేషన్స్ నొక్కితే పూర్తి జాబితా వస్తుంది.

ఈ నంబర్లు చదవడంలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. 3.9, 3.10 అనే రెండు వెర్షన్లలో ఏది కొత్తది? లెక్కల పుస్తకం ప్రకారం 3.10 అంటే 3.1, కాబట్టి 3.9 పెద్దది. వెర్షన్ల లెక్క వేరు. ఇక్కడి చుక్క దశాంశ బిందువు కాదు, గదుల మధ్య గోడ లాంటిది. ప్రతి గదిలోని అంకెను విడిగా చూడాలి. మొదటి గదిలో రెండూ 3. రెండో గదిలో ఒకదానికి 9, ఇంకోదానికి 10. కాబట్టి 3.10 కొత్తది. ఇది తెలియక కొత్తది తీసేసి పాతది వేసుకున్నవాళ్లను చూశాను.

సాధారణంగా మొదటి అంకె మారితే పెద్ద మార్పు, రెండోది మారితే కొత్త సౌకర్యాలు, మూడోది మారితే తప్పుల దిద్దుబాటు. అందరూ దీన్నే పాటిస్తారని కాదు. లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ యాప్ 7.6 తర్వాత ఒక్కసారిగా 24.2కు దూకింది. మధ్యలో పదహారు వెర్షన్లు మీరు పోగొట్టుకున్నారని టెన్షన్ పడక్కర్లేదు. 2024 నుంచి వాళ్లు సంవత్సరం, నెల కలిపి నంబర్ పెడుతున్నారు, అంతే. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు నంబర్లూ ఇలాంటివే. 24.04 అంటే 2024 ఏప్రిల్‌లో వచ్చిందని అర్థం.

ఆ యాప్ మీ దగ్గరికి ఎక్కడి నుంచి వచ్చింది?

చాలా మార్గదర్శులు ఈ ప్రశ్న వదిలేసి నేరుగా "హెల్ప్ మెనూ నొక్కండి" అంటాయి. నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. యాప్ ఏ దారిలో వచ్చిందో దాని అప్‌డేట్ కూడా ఆ దారిలోనే వస్తుంది. ఒకే యాప్ ఇద్దరి కంప్యూటర్లలో ఉన్నా, ఒకరికి మెనూలో "చెక్ ఫర్ అప్‌డేట్స్" కనబడి మరొకరికి కనబడకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

దారులు మూడు. కంపెనీ వెబ్‌సైట్ నుంచి ఇన్‌స్టాలర్ దింపుకున్నది ఒకటి. ఇలాంటి యాప్ తన అప్‌డేట్ తానే చూసుకోవాలి. మైక్రోసాఫ్ట్ స్టోర్ లేదా మ్యాక్ యాప్ స్టోర్ నుంచి వచ్చింది రెండోది. దాని అప్‌డేట్ స్టోరే ఇస్తుంది. యాప్ స్టోర్ నుంచి వచ్చిన మ్యాక్ యాప్‌లో అప్‌డేట్ మెనూ కోసం వెతికి లాభం లేదు, ఎందుకంటే స్టోర్ కాకుండా వేరే దారిలో అప్‌డేట్ చేసుకోవడానికి ఆ యాప్‌లకు ఆపిల్ అనుమతి ఇవ్వదు. మూడోది ప్యాకేజ్ మేనేజర్, అంటే యాప్‌లను తెచ్చి ఇన్‌స్టాల్ చేసి, అప్‌డేట్ కూడా చేసే సాధనం. లినక్స్‌లో దాదాపు అన్నీ ఇలాగే వస్తాయి. ఉదాహరణకు ఉబుంటుతో 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే ప్యాకేజీ రూపంలోనే వస్తోంది. దాని అబౌట్ కిటికీలో అప్‌డేట్ బటన్ లేకపోవడం లోపం కాదు, ఆ బాధ్యత స్నాప్‌ది.

మీ యాప్ ఏ దారిలో వచ్చిందో గుర్తులేకపోతే మ్యాక్‌లో ఇందాక చెప్పిన సిస్టమ్ ఇన్ఫర్మేషన్ జాబితా చూడండి. "అబ్‌టెయిన్డ్ ఫ్రమ్" అనే నిలువు వరుసలో యాప్ స్టోర్ అనో, ఐడెంటిఫైడ్ డెవలపర్ అనో రాసి ఉంటుంది. విండోస్‌లో అయితే స్టోర్ తెరిచి లైబ్రరీలో ఆ పేరు ఉందేమో చూస్తే తెలిసిపోతుంది.

మెనూలో ఎక్కడ ఉంటుంది

వెబ్‌సైట్ నుంచి దింపుకున్న యాప్‌లలో ముందు చూడాల్సిన చోట్లు ఇవి.

విండోస్‌లో హెల్ప్ మెనూ. వీఎల్‌సీ, లిబ్రేఆఫీస్, అక్రోబాట్ రీడర్, వీఎస్ కోడ్... వీటన్నిటిలో హెల్ప్ కిందే "చెక్ ఫర్ అప్‌డేట్స్" ఉంటుంది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో హెల్ప్ అనే మాట కనబడదు, మెనూ వరుసలో చివర ఒక ప్రశ్నార్థకం గుర్తు ఉంటుంది. దాన్నే నొక్కాలి.

మ్యాక్‌లో యాప్ పేరు మీద నొక్కితే వచ్చే మెనూలో, అబౌట్‌కు కాస్త కిందే ఉంటుంది. స్టోర్ బయట దొరికే ఎన్నో మ్యాక్ యాప్‌లు దీనికోసం స్పార్కిల్ అనే ఒకే ఉచిత సాధనాన్ని వాడతాయి. అందుకే వేర్వేరు కంపెనీల యాప్‌లైనా అప్‌డేట్ పెట్టె మాత్రం ఒకేలా కనిపిస్తుంది.

మైక్రోసాఫ్ట్ ఆఫీస్ దారి వేరు. విండోస్‌లో వర్డ్ గానీ ఎక్సెల్ గానీ తెరిచి ఫైల్, అకౌంట్, అప్‌డేట్ ఆప్షన్స్, అప్‌డేట్ నౌ. ఒక్క యాప్‌లో నొక్కితే మొత్తం ఆఫీస్ అప్‌డేట్ అవుతుంది. మ్యాక్‌లో హెల్ప్ మెనూ నుంచి వెళ్తే ఆటోఅప్‌డేట్ అనే వేరే యాప్ తెరుచుకుంటుంది. జూమ్ లాంటి మీటింగ్ యాప్‌లలో పైన కుడివైపు ఉండే మీ ఫొటో మీద నొక్కి చూడండి. టెలిగ్రామ్ డెస్క్‌టాప్‌లో సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద ఉంటుంది.

బ్రౌజర్లలో ఈ పని ఇంకా సులువు, కానీ ఎలా సులువో తెలియక చాలామంది బటన్ కోసం వెతుకుతారు. ఫైర్‌ఫాక్స్‌నే దగ్గరగా చూద్దాం. కుడివైపు పైన మూడు గీతలు నొక్కండి. హెల్ప్‌లోకి వెళ్లి "అబౌట్ ఫైర్‌ఫాక్స్" నొక్కండి. చిన్న కిటికీ తెరుచుకుంటుంది. ఇక మీరు ఏమీ నొక్కక్కర్లేదు, తెరుచుకోవడమే ఆలస్యం, అదే వెతకడం మొదలుపెడుతుంది. వెర్షన్ నంబర్ దగ్గర ఒక చిన్న చక్రం తిరుగుతూ, వెతుకుతున్నట్టు ఒక మాట కనిపిస్తుంది. అప్‌డేట్ లేకపోతే కొద్ది క్షణాల్లో "మీది తాజా వెర్షనే" అంటుంది. ఉంటే ఆ వరుసే డౌన్‌లోడ్ సైజు చూపించడం మొదలుపెడుతుంది, ఆ తర్వాత ఇన్‌స్టాల్ అవుతోందంటుంది, చివరికి అదే చోట రీస్టార్ట్ బటన్ వస్తుంది. ఆ బటన్ నొక్కేదాకా పని పూర్తయినట్టు కాదు. క్రోమ్, ఎడ్జ్‌లలో కూడా మూడు చుక్కలు నొక్కి హెల్ప్‌లో అబౌట్ పేజీ తెరిస్తే ఇదే తంతు.

ఆ బటన్ నొక్కితే లోపల ఏం జరుగుతుంది

తెలుసుకుంటే తర్వాత వచ్చే చాలా చిక్కులు వాటంతట అవే అర్థమవుతాయి కాబట్టి కాసేపు ఇక్కడ ఆగుదాం.

యాప్ తన కంపెనీ సర్వర్‌కు ఒక చిన్న ప్రశ్న పంపుతుంది: "నేను ఫలానా వెర్షన్, ఫలానా ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఉన్నాను, నాకేమైనా ఉందా?" సర్వర్ ఒక చిన్న జాబితా తిరిగి ఇస్తుంది. అందులో తాజా నంబర్, ఎక్కడి నుంచి దింపుకోవాలి, డిజిటల్ సంతకం లాంటి వివరాలు ఉంటాయి. యాప్ ఆ నంబర్‌ను తన నంబర్‌తో పోల్చి చూసుకుంటుంది. పెద్దదైతే ఫైల్ దింపుకుని, దారిలో ఎవరూ మార్చలేదని సంతకం ద్వారా నిర్ధారించుకుని ఇన్‌స్టాల్ చేస్తుంది.

ఇందులో గమనించాల్సింది, సర్వర్ అందరికీ ఒకే జవాబు ఇవ్వాలని లేదు. కొత్త వెర్షన్‌ను ముందు కొద్దిమందికి ఇచ్చి, ఏమీ చెడిపోకపోతే మెల్లగా మిగతావాళ్లకు ఇస్తారు. అందుకే స్నేహితుడికి వచ్చిన అప్‌డేట్ మీకు వారం దాకా రాకపోవచ్చు. ఫైర్‌ఫాక్స్‌లో అయితే మనం అబౌట్ కిటికీ తెరిచి స్వయంగా అడిగితే ఆ వరుసలో నిలబడాల్సిన పని లేకుండా ఇచ్చేస్తుంది. మనమే వెళ్లి అడగాలని ఇందాక అన్నదానికి ఇదొక చిన్న ప్రతిఫలం.

రెండో విషయం: "మీది తాజా వెర్షనే" అన్నది ఆ సర్వర్ మీకు ఇచ్చిన జవాబు మాత్రమే. అది నిజం కాని సందర్భాలున్నాయి, వాటికి వస్తాను.

స్టోర్లు, ప్యాకేజ్ మేనేజర్లు

మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఎడమవైపు డౌన్‌లోడ్స్ లేదా లైబ్రరీ అని ఉంటుంది. లోపలికి వెళ్లి అప్‌డేట్ల కోసం వెతికే బటన్ నొక్కండి. మ్యాక్ యాప్ స్టోర్‌లో ఎడమ పక్కన అప్‌డేట్స్ ఉంటుంది. అక్కడ జాబితా పాతదే చూపిస్తోందని అనుమానమొస్తే కమాండ్, ఆర్ కలిపి నొక్కండి, మళ్లీ కొత్తగా వెతుకుతుంది.

విండోస్‌లో ఇంకో మంచి సాధనం ఉంది, ఎంతమందికి తెలుసో గానీ నేను మాత్రం వారం వారం వాడతాను. దాని పేరు వింగెట్. విండోస్ 11తో పాటే వస్తుంది. టెర్మినల్, అంటే ఆదేశాలు టైప్ చేసే కిటికీ, తెరిచి ఇంగ్లీష్ అక్షరాల్లో వింగెట్ అని, ఖాళీ వదిలి అప్‌గ్రేడ్ అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. ఇది ఏదీ మార్చదు, జాబితా మాత్రమే ఇస్తుంది: యాప్ పేరు, మీ దగ్గరున్న నంబర్, దొరుకుతున్న నంబర్, పక్కపక్కన. మీరు వెబ్‌సైట్ నుంచి దింపుకున్న యాప్‌లను కూడా ఇది చాలావరకు గుర్తుపడుతుంది. అదే ఆదేశానికి చివర యాప్ పేరు చేరిస్తే ఆ ఒక్కదాన్ని అప్‌డేట్ చేస్తుంది. అన్నీ ఒకేసారి చేసే ఆప్షనూ ఉంది గానీ, మొదటిసారి అది వద్దు. ఒక్కొక్కటిగా చేస్తే ఏది చెడినా ఎక్కడ చెడిందో తెలుస్తుంది.

లినక్స్‌లో డెబియన్, ఉబుంటు కుటుంబానికి ఆప్ట్ అప్‌డేట్, ఆప్ట్ అప్‌గ్రేడ్ అని రెండు ఆదేశాలు. కొత్తవాళ్లు మొదటిదాంతోనే అన్నీ అప్‌డేట్ అయిపోయాయనుకుంటారు. అది జాబితాను తాజా చేస్తుందంతే, యాప్‌లను మార్చేది రెండోది. ఫ్లాట్‌ప్యాక్ అనే మరో రకం ప్యాకేజీగా వచ్చిన యాప్‌లకు ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్ అనే విడి ఆదేశం ఉంది. స్నాప్‌లు మామూలుగా రోజుకు నాలుగుసార్లు తామే చూసుకుంటాయి.

ఆ మెనూయే లేని యాప్‌లు

నాకు ఎక్కువ బెంగ వీటి గురించే. ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే ఏళ్ల తరబడి మౌనంగా పనిచేస్తాయి. ఎప్పుడూ ఏమీ అడగవు. అందుకే మనమూ వాటిని మర్చిపోతాం. కుదించిన ఫైళ్లు విప్పే విన్‌రార్, 7-జిప్ ఇలాంటివే.

2019 ఫిబ్రవరిలో విన్‌రార్‌లో ఒక లోపం బయటపడింది. ఏస్ అనే పాత రకం ఫైళ్లను విప్పే భాగంలో అది 19 ఏళ్లుగా దాగి ఉంది. జాగ్రత్తగా తయారుచేసిన ఒక ఫైల్‌ను విప్పితే చాలు, కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ నడిచే ఫోల్డర్‌లోకి దొంగ ప్రోగ్రామ్‌ను చేర్చగలిగేది. 5.70 వెర్షన్‌లో ఆ భాగాన్నే తీసేశారు. కానీ విన్‌రార్ తనంతట తాను అప్‌డేట్ కాదు. మనిషి వెళ్లి కొత్తది దింపుకుంటేనే రక్షణ. 2023లో ఇంకో లోపం బయటపడినప్పుడూ అంతే. దాడులు జరుగుతున్నాయని తెలిశాక 6.23 వచ్చింది, దాన్ని కూడా ఎవరికి వారే వెళ్లి తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఇలాంటి యాప్‌లకు పద్ధతి ఇది: అబౌట్‌లో నంబర్ చూడండి. బ్రౌజర్‌లో ఆ యాప్ అధికారిక సైట్ చిరునామాను స్వయంగా టైప్ చేసి వెళ్లండి. సెర్చ్ ఇంజిన్‌లో పేరు కొట్టి పైన వచ్చే మొదటి లింకు నొక్కకండి, చాలాసార్లు అది ప్రకటన. ఆ ప్రకటనల స్థానంలో నకిలీ డౌన్‌లోడ్ సైట్లు డబ్బు కట్టి కూర్చున్న సందర్భాలు కోకొల్లలు. అధికారిక సైట్‌ను ఒకసారి నిర్ధారించుకుని బుక్‌మార్క్ పెట్టుకుంటే, తర్వాత ప్రతిసారీ ఈ గొడవ ఉండదు. పోర్టబుల్ వెర్షన్లు, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచి నడిపే యాప్‌లు, చాలావరకు ఈ కోవలోకే వస్తాయి.

తలుపు తట్టే నకిలీలు

ఏదో వెబ్ పేజీ చదువుతుంటే తెర నిండా "మీ బ్రౌజర్ పాతబడిపోయింది, వెంటనే అప్‌డేట్ చేయండి" అని వస్తుంది. లోగో అచ్చం అలాగే ఉంటుంది, బటన్ రంగు కూడా. నొక్కితే ఒక ఫైల్ దిగుతుంది. అది అప్‌డేట్ కాదు. ఈ ఎత్తుగడ ఎంత మామూలు అయిపోయిందంటే దీనితో వ్యాపించే మాల్వేర్‌కు, అంటే హానికర ప్రోగ్రామ్‌కు, భద్రతా నిపుణులు "ఫేక్ అప్‌డేట్స్" అనే పేరే పెట్టారు.

గుర్తుపట్టడం కష్టం కాదు. నిజమైన బ్రౌజర్ అప్‌డేట్ ఎప్పుడూ వెబ్ పేజీ లోపల కనబడదు. బ్రౌజర్ మెనూలోనో, అబౌట్ కిటికీలోనో కనిపిస్తుంది. పైగా ఫైల్ దింపుకుని డబుల్ క్లిక్ చేయమని బ్రౌజర్ అడగదు. ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ చేయమని ఇంకా ఎక్కడైనా కనిపిస్తే అది నూటికి నూరు శాతం మోసం. ఫ్లాష్‌కు మద్దతు 2020 డిసెంబర్ 31తోనే ఆగిపోయింది.

అనుమానం వచ్చినప్పుడు చేయాల్సింది ఒకటే: ఆ పేజీ మూసేసి, యాప్ తెరిచి, ఇందాకటి మెనూలోకి వెళ్లి అడగండి. నిజంగా అప్‌డేట్ ఉంటే అక్కడా కనబడుతుంది. ఈమెయిల్‌లో వచ్చే అప్‌డేట్ లింకులకూ ఇదే మందు.

మీరే దింపుకున్న ఇన్‌స్టాలర్‌ను పరీక్షించడానికి విండోస్‌లో ఆ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ చూడండి, కంపెనీ పేరు ఉండాలి. నడిపించేటప్పుడు విండోస్ అనుమతి అడిగే పెట్టెలో "వెరిఫైడ్ పబ్లిషర్" అని పేరు కనబడుతుంది. దాని బదులు "అన్‌నోన్" అని ఉంటే చెయ్యి వెనక్కి తీసుకోండి. కొన్ని చిన్న ఉచిత యాప్‌లకు సంతకం ఉండదు. వాటి సైట్లలో చాలావరకు షా-256 అనే, ఫైల్‌కు వేలిముద్ర లాంటి 64 అక్షరాల వరుస ఇస్తారు. విండోస్ పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ (మధ్యలో ఖాళీ కాదు, చిన్న గీత) ఆదేశానికి మీ ఫైల్‌ను ఇస్తే మీ వైపు వరుస వస్తుంది. రెండూ అక్షరం అక్షరం కలవాలి. మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి వదిలేయకండి, సైట్‌లోని వరుసను కాపీ చేసి పక్కన పెట్టి పూర్తిగా పోల్చండి.

నిజమైన దారిలోనే విషం వచ్చిన సందర్భం లేదా అంటే, ఉంది. 2017 ఆగస్టులో, చెత్త ఫైళ్లు తొలగించే సీక్లీనర్ అనే యాప్ 5.33 వెర్షన్‌ను అధికారిక సర్వర్ నుంచి, సరైన సంతకంతోనే దింపుకున్నవాళ్లకు అందులో దొంగ కోడ్ కూడా వచ్చింది. ఇలాంటివి జరిగాయని అప్‌డేట్లే మానేయడం నాకు సమ్మతం కాదు. ఆ కోడ్‌ను తొలగించిన తర్వాతి వెర్షన్ చేరింది కూడా అప్‌డేట్ దారిలోనే.

ఇన్‌స్టాల్ నొక్కే ముందు

తెరిచి ఉన్న ఫైళ్లన్నీ సేవ్ చేయండి. ఇది అందరూ చెప్పేదే. అంతగా ఎవరూ చెప్పనిది ఒకటి నా అనుభవం నుంచి చెబుతాను.

నలుగురం కలిసి చేస్తున్న ఒక డిజైన్ పనిలో, మధ్యలో నా కంప్యూటర్‌లో యాప్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చింది. మొదటి అంకె మారేంత పెద్దది. వేసుకున్నాను, ఫైల్ తెరిచాను, "పాత ఫార్మాట్, కొత్తదానికి మార్చమంటారా" అంటే సరే అన్నాను. సాయంత్రానికి మిగతా ముగ్గురికీ ఆ ఫైల్ తెరుచుకోలేదు. వాళ్ల పాత వెర్షన్ కొత్త ఫార్మాట్‌ను చదవలేదు. నాకు వెనక్కి మార్చే దారి లేదు, మార్చక ముందు కాపీ తీసుకోలేదు. రాత్రంతా కూర్చుని మళ్లీ చేశాను. అప్పటి నుంచి మొదటి అంకె మారే అప్‌డేట్‌కు ముందు ఆ యాప్ ఫైళ్ల ఫోల్డర్‌ను తేదీ పేరుతో కాపీ తీసి పక్కన పెట్టుకుంటున్నాను. ప్లగిన్లు, అంటే అదనపు సౌకర్యాలు చేర్చే చిన్న ప్రోగ్రామ్‌లు, వాడే యాప్‌లైతే అవి కొత్త వెర్షన్‌లో పనిచేస్తాయో లేదో కూడా ముందే చూసుకోవాలి.

అప్‌డేట్ పెట్టెలో "రిలీజ్ నోట్స్" అనే లింకు ఉంటుంది. పూర్తిగా చదవక్కర్లేదు. సెక్యూరిటీ అనే మాటో, సీవీఈ అని మొదలై సంవత్సరం, ఒక నంబర్ ఉన్న కోడో (బయటపడిన భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు నంబర్ అది) ఉందేమో వెతకండి. ఉంటే ఆ రోజే వేసుకోండి. ఈ లోపాన్ని ఇప్పటికే దాడుల్లో వాడుతున్నారని రాసి ఉంటే ఆ గంటలోనే. కొత్త రంగులు, కొత్త బటన్ల గురించి మాత్రమే ఉంటే, చేతిలో ఉన్న పని అయ్యేదాకా రెండు మూడు రోజులు ఆగినా నష్టం లేదు.

డబ్బు కట్టి కొన్న యాప్‌లలో ఇంకో జాగ్రత్త. అప్‌డేట్ వేరు, అప్‌గ్రేడ్ వేరు. మొదటి అంకె మారినప్పుడు కొన్ని కంపెనీలు కొత్త లైసెన్స్ కొనమంటాయి. మీ పాత లైసెన్స్ కొత్త వెర్షన్‌కు వర్తిస్తుందో లేదో చూసుకున్నాకే నొక్కండి.

రీస్టార్ట్: సగం అప్‌డేట్లు ఆగిపోయేది ఇక్కడే

నడుస్తున్న యాప్ తన ఫైళ్లను తానే మార్చుకోవడం కష్టం. అందుకే కొత్త వెర్షన్‌ను పక్కన సిద్ధం చేసి, మీరు యాప్ మూసి తెరిచేదాకా ఎదురుచూస్తుంది. బ్రౌజర్‌ను నెలల తరబడి మూయనివాళ్లకు అప్‌డేట్ దిగినట్టే ఉంటుంది గానీ నడిచేది పాతదే.

మూయడం అంటే కిటికీ మూయడం కాదు. మ్యాక్‌లో ఎర్ర చుక్క నొక్కితే కిటికీ పోతుంది, చాలా యాప్‌లు మాత్రం వెనకాల బతికే ఉంటాయి. కమాండ్, క్యూ కలిపి నొక్కాలి. విండోస్‌లో చాట్, మీటింగ్ యాప్‌లు గడియారం పక్కనున్న చిన్న గుర్తుల్లోకి వెళ్లి దాక్కుంటాయి. అక్కడ రైట్ క్లిక్ చేసి క్విట్ లేదా ఎగ్జిట్ నొక్కాలి. మళ్లీ తెరిచాక అబౌట్‌లోకి వెళ్లి, మొదట్లో రాసుకున్న నంబర్‌తో పోల్చండి. నంబర్ మారితేనే పని అయినట్టు.

మారకపోతే? డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్ పాత కాపీని చూపిస్తుండవచ్చు. ఒకే యాప్ రెండు చోట్ల ఇన్‌స్టాల్ అయి ఉండటం, ఒకటి 32 బిట్, ఒకటి 64 బిట్, లేదా ఒకటి స్టోర్‌ది, ఒకటి సైట్‌ది, మనం అనుకునేదానికంటే ఎక్కువే. అప్‌డేట్ ఒకదానికి జరుగుతుంది, మనం రోజూ తెరిచేది రెండోదాన్ని. షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి "ఓపెన్ ఫైల్ లొకేషన్" నొక్కితే గుట్టు బయటపడుతుంది.

వెతకడమే విఫలమైతే

"సర్వర్‌ను చేరుకోలేకపోయాం" అని వస్తే ఇంటర్నెట్ తర్వాత చూడాల్సింది కంప్యూటర్ గడియారం. నిజంగానే. సర్వర్ ఇచ్చే భద్రతా సర్టిఫికెట్‌కు మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి. మీ కంప్యూటర్ తేదీ తప్పుగా ఉంటే ఆ సర్టిఫికెట్ చెల్లనిదిగా కనబడి యాప్ వెనక్కి తగ్గుతుంది. పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డ్ మీది చిన్న బ్యాటరీ అయిపోతే ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. తేదీ సరిచేసి మళ్లీ ప్రయత్నించండి.

డౌన్‌లోడ్ అయ్యి ఇన్‌స్టాల్ కాకపోతే డిస్క్‌లో ఖాళీ ఉందా, అడ్మిన్ అనుమతి ఉందా చూడండి. ఆఫీసు కంప్యూటర్లో బటన్ బూడిద రంగులో ఉండి నొక్కుడు పడకపోతే, లేదా "మీ సంస్థ నిర్వహిస్తోంది" అని కనబడితే, అది మీ ఐటీ విభాగం చేతిలో ఉన్న పని. పక్కదారులు వెతక్కుండా వాళ్లకే చెప్పండి.

ఏదీ కుదరకపోతే అధికారిక సైట్ నుంచి పూర్తి ఇన్‌స్టాలర్ దింపి పాతదాని మీదే వేయండి. చాలా యాప్‌లలో సెట్టింగ్స్ చెక్కుచెదరవు.

"తాజా వెర్షనే" అన్నా నమ్మకూడని చోటు

ఇందాక వస్తానన్న విషయం ఇది. యాప్ సర్వర్‌ను అడిగేటప్పుడు తన ఆపరేటింగ్ సిస్టమ్ కూడా చెబుతుందని అన్నాను కదా. ఆ సిస్టమ్ మరీ పాతదైతే సర్వర్ దగ్గర దానికి సరిపడే కొత్తది ఉండదు. విండోస్ 7, 8.1 మీద పనిచేసిన చివరి క్రోమ్ 109. ఫైర్‌ఫాక్స్‌లో 115 దగ్గర ఆగిపోయి, ఆ తర్వాత కేవలం భద్రతా దిద్దుబాట్లతో దీర్ఘకాలిక మద్దతు శాఖలో నడిచింది. అలాంటి కంప్యూటర్లో "కొత్తదేమీ లేదు" అంటే మీ సిస్టమ్‌కు ఇక రాదని అర్థం. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, దాని మీది యాప్‌లు కూడా ఒక్కొక్కటిగా ఇదే దారి పడతాయి.

అందుకే నెలకోసారైనా మీరు ఎక్కువగా వాడే రెండు మూడు యాప్‌ల అధికారిక సైట్‌కు వెళ్లి, అక్కడి నంబర్‌ను మీ నంబర్‌తో పోల్చుకోండి. రెండిటికీ మధ్య దూరం పెరుగుతుంటే మార్చాల్సింది యాప్‌ను కాదు, కింద ఉన్న సిస్టమ్‌ను.

ఎంత తరచుగా

బ్రౌజర్‌కు, ఈమెయిల్ యాప్‌కు, పీడీఎఫ్ రీడర్‌కు ఆటోమేటిక్ అప్‌డేట్ ఆన్‌లోనే ఉంచండి. బయటి నుంచి వచ్చే ఫైళ్లను, పేజీలను రోజూ తెరిచేవి ఇవే. ఫైర్‌ఫాక్స్ 2020 నుంచి, క్రోమ్ 2021 నుంచి దాదాపు నాలుగు వారాలకో పెద్ద వెర్షన్ చొప్పున ఇస్తూ వచ్చాయి, మధ్యలో భద్రతా దిద్దుబాట్లు వేరే. చేత్తో చూసుకుంటూ ఇంత వేగాన్ని అందుకోలేం. వీడియో ఎడిటింగ్, డిజైన్, అకౌంట్స్ లాంటి పని యాప్‌లకు మాత్రం "వచ్చిందని చెప్పు, నన్నడిగి వెయ్యి" అనే సెట్టింగ్ మేలు. మెనూ లేని మౌన యాప్‌లకు నెలలో ఒక రోజు పెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ తన ప్యాచ్‌లను ప్రతి నెలా రెండో మంగళవారం ఇస్తుంది. ఆ మర్నాడు విండోస్ ఎలాగూ రీస్టార్ట్ అడుగుతుంది కాబట్టి నేను మిగతావి కూడా ఆ రోజే చూస్తాను.

ఆ రోజు జాబితా తెరిచినప్పుడు ఇంకో పని కూడా చేయండి. ఏడాదిగా ఒక్కసారి కూడా తెరవని యాప్‌లు అందులో కనీసం నాలుగైదు ఉంటాయి. వాటికి అప్‌డేట్ వెతకొద్దు, అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి.